ప్రెసిడెంటు మీద మూడు ఫిర్యాదులు

పుణ్యవతికి నీలమ్మతో మాటల్లేక ఆరేళ్లయింది.

ఒడిశాలో గోపాలపూర్ పక్కనున్న ఆ తెలుగు చేపల పల్లెలో అరవై మంది ఆడవాళ్లు కలిసి నడుపుకునే ఎండుచేపల సంఘానికి నీలమ్మ ప్రెసిడెంటు. పుణ్యవతి ఉత్త సభ్యురాలు. ఒకనాడు ఒడ్డున తూకం సరిగ్గా లేదని పుణ్యవతి అడ్డు చెప్పబోతే, నీలమ్మ అందరి ముందూ, "ఏడో కలాసు సదివేసి కలెట్టరువైపోనావనుకున్నావేటే?" అంది. నవ్వినవాళ్లు ఆ సాయంత్రానికే మర్చిపోయారు. తల్లి మంచాన పడితే ఒడియా బడి మధ్యలో వదిలేసి గంప నెత్తికెత్తుకున్న పుణ్యవతి మాత్రం మర్చిపోలేదు. అప్పటినుంచి నీలమ్మ ఎదురైతే సముద్రం వైపు చూస్తూ పోయేది.

ఆగస్టులో సంఘం రెండుగా చీలింది. ఉపాధ్యక్షురాలు చందన ఇరవై మంది చేత సంతకాలూ వేలిముద్రలూ వేయించి ప్రెసిడెంటును దించేయాలని కాగితం పెట్టింది. అందులో ఫిర్యాదులు మూడు. ఏటా సర్కారు పెట్టే వేట నిషేధం రెండు నెలలూ నీలమ్మ మీటింగు పెట్టలేదు. తుఫాను రోజున కమిటీని అడక్కుండా గిడ్డంగి తాళం పగలగొట్టించింది. సభ్యుల్ని నోటికొచ్చినట్టు తిడుతుంది.

ఇలాంటి కాగితం వస్తే కమిటీలో లేని ఒక మనిషి ముందుగా నిజానిజాలు చూసి సభకు చెప్పాలని సంఘం నియమం. ఆ మనిషి రెండు పక్షాలకూ ఒప్పుదల కావాలి. చందన పెట్టిన నాలుగు పేర్లూ నీలమ్మ కాదంది. చివరికి తనే ఒక పేరు చెప్పింది.

"పుణ్యవతిని సూడమనండి. ఆరేళ్లనుంచీ నానంటే పడనిది అదొక్కత్తే. అది బాగుందంటే మరెవులూ అనుమానపడరు."

చందన నవ్వాపుకోలేక తలొంచుకుని వెంటనే ఒప్పుకుంది. నీలమ్మ పని అయిపోయిందని పల్లెంతా అనుకున్నారు. నిజం చెప్పాలంటే పుణ్యవతి కూడా అలాగే అనుకుంది. నియమాల పుస్తకం ఇంటికి తెచ్చుకుని మొదట మూడో ఫిర్యాదే తీసింది. ఆ రోజు ఒడ్డున నవ్విన మొహాలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. సాక్ష్యం కోసం ఎవరి గడపా తొక్కనక్కర్లేదు, తనే పెద్ద సాక్ష్యం.

పుస్తకం ఒడియాలో ఉంది. పాతికేళ్ల కిందట ఆపేసిన చదువు. అక్షరాలు గుర్తున్నాయి కానీ ఒక్కో వాక్యాన్నీ రెండు మూడుసార్లు కూడబలుక్కోవాల్సి వచ్చింది. పొద్దున్న దిగపహండి సంతకు బస్సులో గంప పక్కన కూర్చుని చదివేది. మధ్యాహ్నం అరుగు మీద చేపలు ఆరేస్తూ చదివినది మనసులో తిప్పుకునేది. ప్రెసిడెంటును దించడానికి పుస్తకంలో ఉన్న కారణాలు మూడే: పదవిని సొంతానికి వాడుకోవడం, సంఘం ఆస్తిని పాడుచేయడం, వరసగా రెండు నెలలు సభ పిలవకపోవడం. తిట్ల మాట ఎక్కడైనా ఉంటుందేమోనని చివరి పేజీ దాకా వెతికింది. లేదు. మళ్లీ మొదటినుంచి వెతికింది. అప్పుడూ లేదు.

తన సాక్ష్యం దేనికీ పనికిరాదని తెలిశాక రెండు రోజులు ఆమెకు అన్నం సయించలేదు.

పుస్తకం తెచ్చుకున్న పదో రోజున గిడ్డంగి ముందు సభ జరిగింది. బరంపురం సహకార ఆఫీసు నుంచి శ్యామసుందర్ అనే గుమస్తా చేతులు లెక్కపెట్టడానికి వచ్చాడు. దించాలంటే నలభై చేతులు లేవాలి. మూడింటికీ కలిపి ఒకేసారి చేతులెత్తించేస్తే పని తొందరగా అవుతుందని చందన అంది. అది బాగానే ఉందని చాలామంది తలలూపారు. పుణ్యవతి లేచి నిలబడింది. నియమాల పుస్తకం ఆమె చేతిలో ఉంది.

"నెత్తళ్లూ కవళ్లూ రెండు రకాల సేపల్నీ కలిపేసి ఒక్క కుప్ప పోసి అమ్ముతావేటి సందనా? దేనికది ఏరుతాం గదా. ఇదీ అంతే. దేని సెయ్యి దానికెత్తాల."

శ్యామసుందర్ ఆ పుస్తకం అందుకుని తెరిచి చూసి, ఆమె చెప్పిందే నియమమన్నాడు.

మొదటి ఫిర్యాదుకు పుణ్యవతి హాజరు పట్టీ తీసింది. నిషేధం నెలల్లో నీలమ్మ రెండు సభలూ పిలిచింది. ఒకదానికి నలుగురు, ఒకదానికి ఆరుగురు వచ్చారు. మనుషులు చాలక సభ సాగలేదని రెండుచోట్లా రాసి ఉంది. పిలవకపోవడం వేరు, పిలిచినా రాకపోవడం వేరు అని చెప్పి, రానివాళ్ల పేర్లు చదవడం మొదలుపెట్టింది. కాగితం మీద వేలిముద్రలు వేసినవాళ్ల పేర్లే వరసగా వస్తుంటే గొంతుకలు సన్నగిల్లాయి. చందన పేరు వచ్చేసరికి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ ఫిర్యాదుకు ఒక్క చెయ్యీ లేవలేదు.

రెండోదానికి, తాళం పగిలిన మాట నిజమేనంది పుణ్యవతి. అయితే తాళంచెవి ఉన్నామె ఆ రోజు బరంపురంలో ఉంది. గాలి మొదలయ్యేసరికి ఒడ్డునున్న పన్నెండు ఇళ్లవాళ్లకు తలదాచుకోను వేరే చోటు లేదు. ప్రమాదం ముంచుకొస్తే ప్రెసిడెంటు ఒంటరిగా నిర్ణయం తీసుకోవచ్చని పుస్తకంలో ఉంది. వారంలోగా ఆ సంగతి కమిటీకి రాసివ్వాలని కూడా ఉంది. నీలమ్మ రాసివ్వలేదు.

"అది తప్పే. తప్పని పొస్తకంలో రాయాల. దించేసేటంత తప్పు కాదు."

నీలమ్మ తలొంచుకుని ఒప్పుకుంది. ఏడు చేతులు లేచాయి.

ఇక మూడోది. సభ అంతా కదిలి సర్దుకుని కూర్చుంది. ఇన్నాళ్లూ దాచుకున్నదంతా పుణ్యవతి ఇప్పుడు కక్కేస్తుందని చందన మొహం మళ్లీ వెలిగింది. అందరికన్నా పెద్దదైన ముసలమ్మ ముందు వరసలోంచి అడిగింది.

"సెప్పవే. తిట్టిందా, తిట్టలేదా?"

"తిట్టింది. నన్నే తిట్టింది. ఆ మాట ఇంకా నాకిక్కడ గుచ్చుకునే ఉన్నాది," అని పుణ్యవతి గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "గానీ తిడితే దించాలని పొస్తకంలో లేదప్పా. నాకు కోపం ఉన్నాదని లేని నియమం నాను సదవలేను. అలాంటి నియమం కావాలంటే ఇయ్యాలే పెట్టుకుందాం. ముందు సెయ్యెత్తేది నానే. అది రేపట్నించి పనిసేత్తాది. నిన్నటి మాటకి పనికిరాదు."

చేతులెత్తమన్నాడు శ్యామసుందర్. పుణ్యవతి చేతులు పుస్తకాన్నే పట్టుకుని ఉన్నాయి. అరవై జతల కళ్లు ఆ చేతుల మీదే ఉన్నాయి. అవి కదల్లేదు. పదకొండు మంది ఎత్తారు. ఆ పదకొండులో ముగ్గురు చుట్టూ చూసి దించేసుకున్నారు. చందన తన చెయ్యి దించలేదు. ఆ మాత్రం పట్టుదలకు పుణ్యవతి మనసులో ఆమెను మెచ్చుకుంది.

ప్రెసిడెంటు పదవి నిలిచిందని శ్యామసుందర్ ప్రకటించగానే అరుపులూ చప్పట్లూ రేగాయి. ఆ చప్పట్లు నీలమ్మకు కాదని కాసేపటికి గానీ పుణ్యవతికి తెలియలేదు. ఆడవాళ్లంతా తన వైపు తిరిగి కొడుతున్నారు. చెవులు వేడెక్కాయి ఆమెకు. అయినా కూర్చోలేదు. కొత్త నియమం సంగతి తేలాలంది.

పదవిలో ఉండి సభ్యుల్ని తిట్టినవాళ్లు సభలో క్షమాపణ చెప్పాలి, రెండోసారికి పదవి వదులుకోవాలి. ఆ మాటలు అక్కడికక్కడే కూర్చింది. ఎవరికి ఒప్పుదలని అడిగి తన చెయ్యి ఎత్తింది. ఆ వెంటనే లేచిన చెయ్యి నీలమ్మది. తర్వాత చందన, ఆపైన అందరూ.

"ఇంక మన పెసిడెంటు మూగనోము పట్టాల్సిందే," అంది ముసలమ్మ. అందరికన్నా గట్టిగా నీలమ్మే నవ్వింది.

రాసేదెవరని గుమస్తా అడిగాడు. పుణ్యవతి కింద కూర్చుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని, బడి వదిలాక మొదటిసారి ఒడియా అక్షరాలు దిద్దింది. గుండ్రంగా, పెద్దపెద్దగా, గీత దాటకుండా రాసి పైకి చదివి వినిపించింది. అరవై మంది లేచి వరసగా వచ్చి, ఆ రాత కింద సంతకాలు పెట్టారు, వేలిముద్రలు వేశారు.