పాయింటు కింద పాయింటు

కర్రల అడితిలో కొలతలు చూసే ఆయనకి ప్రపంచమంతా పాయింట్లలోనే కనబడేది. అందుకే వీధిలో అందరికీ ఆయన పాయింటాయన. కూరలో ఉప్పు సరిపోయిందా అని భార్య అడిగితే బాగుందనో లేదనో అనేవాడు కాదు. "0.2 తక్కువ" అనేవాడు.

ఒకసారి ఇద్దరూ కిటికీ తెరలకి బట్ట కొనబోయారు. ఒక కిటికీకి 1.5 మీటర్లు, ఇంకోదానికి 0.75. దుకాణంలో అమ్మాయి ఐదూ డెబ్భై ఐదూ కలిపేసి, 1.80 అని కత్తెర తీసింది. ఆయనకి ప్రాణం పోయినంత పనయింది.

"ఆగు తల్లీ. పాయింటు కింద పాయింటు పెట్టు. 1.50, 0.75. ఇప్పుడు కలుపు."

2.25 అని ఆ పిల్ల నోటితోనే చెప్పించేసరికి వెనకాల వరస వీధిలోకి పాకింది. భార్యకి తల కొట్టేసినట్టయింది.

ఆవిడా తక్కువ తినలేదు. ఆయన ఎత్తు 1.6 మీటర్లు, ఆవిడది 1.58. ఆయన్ని ఉడికించాలనిపించినప్పుడల్లా, "ఆరు కంటే యాభై ఎనిమిది పెద్దది కదండీ, నేనే పొడుగు" అనేది. "ఆరు కాదే, అరవై" అని ఆయన మొదలుపెడితే కంచంలో అన్నం చల్లారిపోయేది.

అలాంటి మనిషికి మనవరాలు నెల ముందుగా పుట్టింది. బరువు రెండు కిలోలు దాటితేనే ఇంటికి పంపుతామన్నారు ఆస్పత్రిలో. ఇల్లంతా ఆ తూకం మీదే ప్రాణాలు పెట్టుకుంది. ఓ సాయంత్రం 1.9 చూపించింది. మర్నాడు 1.85.

ముద్ద దిగక, నిద్ర పట్టక కళ్లు గుంటలు పడ్డ కోడలు ఆత్రంగా లేచి కూర్చుంది. "మావయ్యా, నిన్న తొమ్మిది, ఇవాళ ఎనభై ఐదు. ఎంత పెరిగిందో చూశారా?"

ఇప్పుడీయన పాయింటు కింద పాయింటు పెడతారు, ఈ పిల్ల కుప్పకూలిపోతుంది అనుకుంది భార్య. ఆయన నోరు తెరిచి, మూసి, గబగబా నర్సు దగ్గరికి పరిగెత్తాడు. ఈ కాస్త తేడా మామూలే, పాప పాలు బాగానే తాగుతోందని నర్సు చెప్పడం ఆవిడకీ వినబడింది.

ఆయన తిరిగొచ్చి, "పెరిగిందమ్మా. బాగా పెరిగింది. నువ్వు కాస్త తిని పడుకో" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకి చెమటలు కారిపోయాయి పాపం. కోడలు కడుపునిండా తిని, హాయిగా నిద్రపోయింది.

ఆ వారంలోనే తూకం 2.05 చూపించింది. ఆ వయసులో ఆయన వరండాలో గంతులేస్తుంటే వార్డంతా బయటికొచ్చి చూసింది.

పాపని ఎత్తుకుని బయల్దేరుతూ కోడలు ఆగింది. "మావయ్యా, నిద్రపోయి లేచాక నా బుర్ర పనిచేసింది. ఆ రోజు తగ్గింది కదూ?"

"ఏమోనమ్మా. లెక్కల్లో నేను మొదట్నుంచీ అంతంతమాత్రమే" అన్నాడాయన.

భార్య చేతిలో సంచీ కింద పెట్టి మరీ నవ్వింది.