బైలడిలా కొండ మీద గ్రహణం కాపలా

మేం బైలడిలా శిఖరానికి చేరేసరికి మధ్యాహ్నమైంది. కిరండూల్ పల్లె నుంచి కాలిబాట. భుజాన తుపాకీ, కంబళి, నీళ్ల తోలుసంచి. కాళ్ల కింద ఎర్రటి ఇనుపరాయి, కాగిన పెనంలా ఉంది. బస్తర్ రాజ్యం పటాలంలో నేను హవల్దారుని. నా కింద నలుగురు సిపాయిలు, ఒక వంటవాడు. సూర్యగ్రహణం కోసం పైన కట్టిన తాత్కాలిక అబ్జర్వేటరీకి కాపలా మా డ్యూటీ.

అక్కడ మద్రాసు నుంచి వచ్చిన శాస్త్రవేత్త టెలిస్కోపు బిగించుకుంటున్నాడు. పెద్దాయన. సంపూర్ణ గ్రహణాన్ని ఫొటో తీయాలని అంతకుముందు రెండుసార్లు సముద్రాలు దాటాడట. రెండుసార్లూ మబ్బు పట్టింది.

"ఇంకోసారి కొండెక్కే ఓపిక నాకు లేదు, హవల్దార్. ఆ రోజు పొగ మాత్రం రానివ్వకండి," అన్నాడు.

గ్రహణం రోజు ఆకాశం కడిగినట్టుంది. పొయ్యి పొద్దున్నే ఆర్పించాను. చంద్రుడు సూర్యుణ్ణి అంచు నుంచి కొరుక్కుంటూ వచ్చాడు. ఎండ పాలిపోయింది. చలి పుట్టింది. పక్షులు గూళ్లకు మళ్లాయి. పడమటి నుంచి ఒక పెద్ద నీడ అడవినీ కొండలనీ మింగుతూ మా మీదికి వస్తోంది. నా ఒళ్లు గగుర్పొడిచింది. తుపాకీ పట్టుకున్న చేతికి ఏం చేయాలో తోచలేదు.

అప్పుడే వెనక బుస్సుమంది. వంటవాడు పొయ్యిలో కుండెడు నీళ్లు పోశాడు. తెల్లటి పొగ లేచి టెలిస్కోపు వైపే తిరిగింది.

"ఏందిరా ఈ పని?"

"బూడిద కింద నిప్పున్నది దాదా, మరిచిన. గ్రహణం పడ్తే పొయ్యిల నిప్పుంచొద్దు గదా! మా ఊరు తర్లగూడల అందరం ఆర్పుతం."

"ఫో పక్కకు!"

కంబళి విసిరి, దాని మీద బోర్లా పడ్డాను. ఆవిరికి రొమ్ము చుర్రుమంది. చీకటి కమ్మి, కళ్ల ముందు కంబళి రంగు కూడా కనబడకుండా పోయింది.

"చుక్కలొచ్చినయ్, హవల్దార్!" కాపలా సిపాయి అరిచాడు.

తల తిప్పాలని ప్రాణం కొట్టుకుంది. తిప్పితే కంబళి కదిలి పొగ లేస్తుంది. తిప్పలేదు. పెద్దాయన ఫొటో పలకలు మార్చే టక్‌టక్ ఒక్కటే వినిపించింది.

వెలుగు తిరిగొచ్చింది. పెద్దాయన టెలిస్కోపు మీది నల్లగుడ్డ కింది నుంచి బయటికి వచ్చాడు. కళ్లు తడిగా ఉన్నాయి.

"అన్ని పలకల మీదా బొమ్మ పడింది, హవల్దార్. పొగ రాలేదు." కళ్లు తుడుచుకుని అడిగాడు: "ఎలా ఉందయ్యా? పలకలు మార్చడంతోనే సరిపోయింది. తలెత్తలేదు నేను."

"నేనూ చూడలేదు సార్."

ఇద్దరం వంటవాడి వైపు తిరిగాం. సిపాయిలు దూరంగా కాపలాలో ఉన్నారు; మా దగ్గర ఏ పనీ లేకుండా నిలబడ్డవాడు వాడొక్కడే. తిడతాననుకుని బిక్కచచ్చి ఉన్నాడు.

"నువ్వు చూశావా?" అన్నాడు పెద్దాయన.

"చూసిన సార్. ఎట్ల జెప్పాలె..."

మసిపట్టిన రెండు అరచేతులు కలిపి గుండ్రంగా పట్టాడు. నెమ్మదిగా వేళ్లన్నీ విప్పాడు, వెలుగు బయటికి చిమ్మినట్టు. పెద్దాయన చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని ఆ చేతులకేసి చూస్తుండిపోయాడు.

సామాను దించి జగదల్‌పూర్‌లోని మా పటాలం లైన్లకు తిరిగొచ్చాం. ఆ ఫొటోలు నేనెన్నడూ చూడలేదు. మా ఊరు కొంటలో మా వాళ్లు ఇప్పటికీ అడుగుతారు, గ్రహణం చూశావా అని.

చూశాననే చెబుతాను. వాడి చేతుల్లో చూశాను.