దించిన మూట

రోశమ్మ నెత్తిమీది మూటను దించింది శీనయ్యే. ఎదురొచ్చి, రెండు చేతులూ వేసి, నీళ్ళకడవను దించినంత భద్రంగా దించాడు. పక్కపల్లె వాడు, చిన్నప్పుడు తన చేతి సంగటి తిన్నవాడు, ఎండన పడి వస్తున్న అక్కను చూసి జాలిపడ్డాడనుకుంది రోశమ్మ. మెడ నిమురుకుంటూ మంచినీళ్ళు అడిగింది. ఇచ్చాడు. ఆమె తాగుతుండగానే మూట ముడి విప్పాడు.

అది నలభై తొమ్మిదో సంవత్సరం, మాఘమాసం. ఆత్మకూరు తాలూకా దాటి ఉదయగిరి తాలూకాలో అడుగుపెట్టే చోట రోడ్డుకు అడ్డంగా వెదురు బొంగు కట్టి, పక్కన తాటాకు పాక వేసి, దానికి చెక్‌పోస్టని పేరు పెట్టారు. మాగాణి తాలూకాలో పండిన గింజ సర్కారుకే చేరాలి, పర్మిట్టు లేనిదే శేరు వడ్లు కూడా ఆ బొంగు దాటకూడదు. లోటు తాలూకాలకు సర్కారే డిపోలు పెట్టి పంచుతుందట. కాగితం మీద అంతా సక్రమంగానే ఉంది. ఉదయగిరి మెట్టలో సజ్జలు అడుగంటే నాటికి ఆత్మకూరు వైపు చేజర్ల మాగాణిలో వరి కోతకొస్తుందని మాత్రం ఆ కాగితం రాసినవాళ్ళకు తెలియదు. మెట్ట మనిషి కొడవలి పట్టుకుని దిగిపోతాడు, కూలి గింజలు నెత్తిన పెట్టుకుని ఎక్కి వస్తాడు. ఎన్ని తరాల నుంచో ఆ రెండు తాలూకాలు ఎవరి ఉత్తర్వూ లేకుండానే ఒకదాన్నొకటి బతికించుకుంటున్నాయి.

రోశమ్మ మూటలో ఉన్నది ముప్పై రెండు రోజుల కోతకూలి, తూముడు వడ్లు. మొగుడు పోయి మూడేళ్ళు. ఇంటికాడ అత్త వెంగమ్మ, ఇద్దరు పిల్లలు. ఈ మూట చేరితే ఎండాకాలం గడుస్తుంది. చేరకపోతే గడవదు.

ఆ బొంగుకు కాపలా బంట్రోతైన శీనయ్యకు ఇదంతా తెలుసు. కానీ పాకలో కుర్చీ మీద గుమాస్తా కూర్చుని చూస్తున్నాడు.

“కూలి గింజలురా, కొన్నవి కాదు,” అంది రోశమ్మ.

“గింజ మీద రాసుంటదా అక్కా, కూలిదో కొన్నదో? పర్మిట్టు తెచ్చుకో, నీ గింజలు నీకిస్తారు.”

“అట్టయితే కలపబాక. నా మూట నా మూటగానే ఉండనీ.”

ఉండనిస్తానన్నాడు. ఆమె అక్కడ నిలబడి ఉండగానే చేజర్ల ఆసామి వెంకటరమణయ్య బండ్లు మూడు, నిండా బస్తాలతో, ఆగకుండా దాటిపోయాయి. విత్తనాలకని పర్మిట్టు ఉందట. మాఘమాసంలో ఆ మెట్టచేలల్లో వరినారు పోసేవాడెవడని గుమాస్తా అడగలేదు.

ఆ దారికొక కట్టుబాటు ఉంది. తూముడు బరువును ఒంటిమనిషి తన నెత్తికి తానే ఎత్తుకోలేడు. అందుకని దించినవాడే ఎత్తిపెట్టాలి. పగవాడైనా సరే, ఎత్తిపెట్టిన తర్వాతే తన దారిన తాను పోవాలి. శీనయ్య దించాడు, ఎత్తిపెట్టలేదు. రోశమ్మ ఒట్టి నెత్తితో ఆత్మకూరు తాలూకా కచేరీకి వెనుదిరిగింది.

నాలుగు రోజులు కచేరీ వరండాలో కూర్చుంది. అయిదోనాడు వేలిముద్ర వేయించుకుని పర్మిట్టిచ్చారు. తూముడు వడ్లు, సొంత తిండికి. దాన్ని కొంగున ముడేసుకుని నడిచొచ్చేసరికి పాకలో మూట లేదు. నిన్ననే బండి వచ్చిందనీ, అందరి గింజలూ కలిపి గోతాల్లో పోసి తోలుకుపోయారనీ శీనయ్య నేల చూస్తూ చెప్పాడు. గుమాస్తా పర్మిట్టును అటూ ఇటూ తిప్పి చూసి, అంతా సరిగ్గానే ఉందన్నాడు. బొంగు పైకెత్తి పొమ్మన్నారు.

చైత్రంలో వెంగమ్మ పోయింది. రోశమ్మ ఆ ఇల్లూ ఈ ఇల్లూ దంచి తెచ్చిన నూకలు కాచి ముందు పెడితే, “నాకు ఆకలిగా లేదు, పిల్లకాయలకు పెట్టు,” అనేది ముసలిది. మొదట్లో రోశమ్మ నమ్మలేదు. తర్వాత నమ్మింది. నమ్మితే పిల్లల గిన్నెల్లో ఇంకో గరిటె పడుతుంది. కరణం చావు లెక్కలో జ్వరమని రాసుకున్నాడు. జ్వరం లేదయ్యా అని రోశమ్మ చెబితే, ఆకలికి ఈ పుస్తకంలో గడి లేదు పొమ్మన్నాడు. ఉదయగిరి డిపోకు బియ్యం జ్యేష్ఠంలో వచ్చాయి. ముక్కిపోయిన వాసన, పిడికెడుకు నాలుగు రాళ్ళు. ఎవరు కోసిన వడ్లో అవి.

ఆ తర్వాతి ఏళ్ళలో రోశమ్మ పిల్లలను వెంటబెట్టుకునే కోతకు దిగింది. గింజ దాటకూడదన్నారు గానీ నోరు దాటకూడదనలేదు గదా అనేది. కూలి గింజలు అయిపోయేదాకా అక్కడే వండుకు తిని, ఒట్టి చేతులతో తిరిగొచ్చేవాళ్ళు. బొంగు దగ్గర ఆమె శీనయ్య వైపు చూసేది కాదు. అతనూ అక్కా అని పిలిచేవాడు కాదు.

యాభై రెండులో కంట్రోలు ఎత్తేశారు. బొంగును ఎవరో పందిరికి పట్టుకుపోయారు. శీనయ్య ఉద్యోగం అంతటితో సరి.

మరుసటేడు మాఘంలో రోశమ్మ మోకాళ్ళ నొప్పికి ఓర్వలేక మూటను ఊరివాళ్ళ బండిలో వేసి, తాను వెనకాల నడుస్తోంది. పాత పాక ఉండిన చోట ఒక మనిషి వడ్ల మూట పక్కన కూర్చుని ఉన్నాడు. శీనయ్య. కోతకు పోయి వస్తున్నాడు. అలసి మూటను కిందికి జారవిడిచాడు, బొంగు కాడి మనిషని దారిన పోయేవాళ్ళెవరూ ఎత్తిపెట్టక పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు గానీ, ఎత్తిపెట్టమని అడగలేకపోయాడు.

“ఇంటికాడ ఎవురుండారు?” అంది రోశమ్మ.

“అమ్మ ఒకతే ఉండాది.”

బండి దూరమైపోతోంది. రోశమ్మ వంగి మూట మీద చేతులు వేసింది. వేసి, ఎత్తకుండా కొంతసేపు అలాగే ఉంది. వదిలేసి పోయినా ఆమెను తప్పుపట్టేవాడు ఆ రెండు తాలూకాల్లో లేడు. ఆ సంగతి శీనయ్యకూ తెలుసు, అందుకే తల వంచుకున్నాడు. ఆమె మోకాలు ఆనించి, మూటను ఎత్తి అతని నెత్తిన పెట్టింది. జారకుండా సర్దింది.

మళ్ళీ వాళ్ళిద్దరూ ఎదురుపడలేదు. ఆ రోజు ఎత్తిపెట్టాక ఆమె అన్నదింతే:

“పో. దారిలో దించబాక. మీయమ్మ ఆకలిగా లేదంటే మాత్రం నమ్మబాక.”