‘ఉన్నాను’ అనే వరుస

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఇప్పటికీ లేదనే అంటాను. కాకపోతే పోయిన ఆషాఢం నుంచి ఆ మాట కాస్త మెల్లగా అంటున్నాను.

మా నాన్న స్టీలు ప్లాంటు ఉద్యోగానికని గోదావరి వైపు నుంచి విశాఖ వచ్చారు. నేను కీబోర్డు కళాకారుణ్ణి అవుదామని బయల్దేరి, కీబోర్డులు బాగుచేసేవాణ్ణయ్యాను. పెళ్లి ఆర్కెస్ట్రాలో ఉన్నప్పుడు తాళం తప్పేవాణ్ణి. వన్‌టౌన్‌లో కొట్టు పెట్టాక తాళంచెవి పారేసుకుంటున్నాను. నా దగ్గరికొచ్చే కీబోర్డుల్లో సగం జబ్బులు పోర్టు బొగ్గు దుమ్మువి, మిగతా సగం ఉప్పుగాలివి.

నూకరాజు ఆ ఆర్కెస్ట్రాలో నా పక్కన వాయించినవాడు. జాలరిపేట. ముప్ఫై దాటినా పెళ్లి కాలేదు. ఇంట్లో వాడూ తల్లీ, ఇద్దరే. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కనుక ఆ నెలంతా మేనమామతో సముద్రం మీద చేపల వేటకి వెళ్లేవాడు. వెళ్లేముందు తన కీబోర్డు, కంట్రోలరు అంటారు దాన్ని, తెచ్చి నా బల్లమీద పెట్టాడు. వేలు తీసినా ఒక స్వరం ఆగడం లేదట.

కంట్రోలరు తనంతట తాను పలకదు. ఏ మీట నొక్కామో, ఎంత గట్టిగా నొక్కామో కంప్యూటరుకి కబురు పంపుతుంది. ఆ కబుర్లే మిడి మెసేజ్‌లు. వాటి గురించి నాకున్నది అక్షరాలా మిడిమిడి జ్ఞానం. వచ్చిన ప్రతి కబురునూ తెరమీద ఒక వరుసగా చూపించే ప్రోగ్రాం ఉంటుంది. అది చూసి జబ్బు పట్టుకుంటాను.

కంట్రోలరు తగిలించి ఆ ప్రోగ్రాం తెరిచాను. మేమిద్దరం మీట ముట్టకుండానే వరుసలు పడుతున్నాయి, సెకనుకు మూడో నాలుగో, అన్నీ ఒకటే రకం. నూకరాజు అవేమిటని అడిగాడు. దాన్ని యాక్టివ్ సెన్సింగ్ అంటారని, ఎవరూ వాయించకపోయినా కీబోర్డు ‘నేనున్నాను, నేనున్నాను’ అని చెబుతూనే ఉంటుందని, ఆ మాట ఆగితే తీగ ఊడిందనుకుని అవతల కంప్యూటరు అన్ని స్వరాలూ ఆపేస్తుందని చెప్పాను.

“మాయమ్మకి నానిచ్చే మిస్డ్ కాల్ లాటిదేనేటి బావ?” అన్నాడు.

వాళ్ల ఇళ్లలో అదొక పద్ధతి. వేటకెళ్లినవాడు సిగ్నల్ అందినంత దూరం మధ్యమధ్య ఒక్క రింగిచ్చి ఆపేస్తాడు. ఇంట్లోవాళ్లు ఎత్తరు. రింగు వచ్చిందంటే మనిషి ఉన్నట్టు.

ఈ వరుసల గోలలో అసలు జబ్బు కనబడదని, ఫిల్టర్‌లో ఒక టిక్ పెడితే మాయమవుతాయని చూపించబోయాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

“తీసీకు బావ. పాపం, ఉన్నానంతంది కదా.”

నవ్వుకున్నాం. వాణ్ణి చూడడం అదే ఆఖరు.

మూడో రోజు మధ్యాహ్నం కంట్రోలరు విప్పాను. అడాప్టర్ తీశాను, కంప్యూటరుకి వెళ్లే కేబుల్ పీకేశాను, మీటల కిందున్న రబ్బరు పట్టీలు కడిగి ఆరబెట్టాను. బయట గాలివాన మొదలైంది. మూడింటప్పుడు తల తిప్పితే తెరమీద వరుసలు పడుతున్నాయి. ‘నేనున్నాను’ వరుసలే. సెకనుకు మూడో నాలుగో.

ప్రోగ్రాంకి పిచ్చెక్కిందనుకున్నాను. మూసి తెరిచాను. కంప్యూటరు ఆపి మళ్లీ వేశాను. కేబుల్‌కీ కంప్యూటరుకీ మధ్య చిన్న పెట్టె ఒకటుంటుంది, దాన్ని ఊడదీసి కంప్యూటరుకి ఇంకో వైపు గుచ్చాను. కొట్టులో మరే కీబోర్డుకీ కరెంటు లేదు. వరుసలు ఆగలేదు. ఒక్కోసారి కాస్త తడబడి, మళ్లీ అందుకుంటున్నాయి.

ధైర్యవంతుడైతే కూర్చుని చూసేవాడు. నేను తెరమీది వరుసలన్నీ చెరిపేసి, ఫిల్టర్‌లో టిక్ పెట్టాను. అంతా ఖాళీ అయిపోయింది. ప్రాణం కుదుటపడింది. గడియారం చూశాను, నాలుగూ నలభై. షట్టరు దించి ఇంటికెళ్లిపోయాను. ఆ రోజు తాళంచెవి కూడా పోలేదు.

మర్నాడు పొద్దున తెలిసింది. యారాడ కొండ అవతల గాలికి పడవ తిరగబడిందట, ముందురోజు మధ్యాహ్నం. మేనమామ ఖాళీ డబ్బా పట్టుకుని తేలుతుంటే ఇంకో పడవ వాళ్లు ఎక్కించుకున్నారు. నూకరాజు బోర్లాపడ్డ పడవని పట్టుకున్నాడట. అలల మధ్య ఒకరికొకరు కనబడక, ఈయన “ఉన్నావేట్రా” అంటే వాడు “ఉన్నాను మావా” అని కేకేసేవాడట. కాసేపటికి నీరు ఇద్దరినీ దూరం చేసింది. తర్వాత ఈయనకి వినబడలేదు. పడవ దొరికింది. నూకరాజు దొరకలేదు.

నేను జాలరిపేట వెళ్లేసరికి తల్లి గుమ్మంలో కూర్చుని ఉంది, ఒళ్లో ఫోను. వెంటనే పోయుంటాడు, బాధపడి ఉండడు అని వచ్చినవాళ్లంతా చెబుతున్నారు. నేను కూర్చున్నాక, నాతోనో తనలో తానో తెలియకుండా ఆవిడ అంది.

“ఎంతసేపున్నాడో ఎవులైనా సెప్తే సాలు బాబూ. ఎంటనే పోనాడా, సీకటడ్డాక కూడా పిలిసినాడా.”

అక్కణ్ణుంచి తిన్నగా కొట్టుకి వెళ్లి ఆ టిక్ తీసేశాను. ఒక్క వరుసా రాలేదు. అప్పుడు తట్టింది. ఫిల్టర్ కబుర్లు రాకుండా ఆపదు, వచ్చినవాటిని నాకు కనబడకుండా చేస్తుంది, అంతే. దాచి కూడా ఉంచదు. నాలుగూ నలభై తర్వాత అవి ఎంతసేపు వచ్చాయో, అసలు వచ్చాయో లేదో, తెలుసుకునే దారి లేదు.

తెలిసినవాళ్లని అడిగాను. ఉరుముల వేళ తీగల్లో ఏదో ఒకటి పుడుతుందన్నారు. పెట్టె పాడైందన్నారు. అయ్యుండొచ్చు. ఆ పెట్టెనే ఇప్పటికీ వాడుతున్నాను. ఉరుముల్లోనూ ఎప్పుడూ ఊరికే పలకలేదు.

కంట్రోలరు బాగైంది. రబ్బరు కింద బొగ్గు నలుసు. వాళ్లమ్మ దాన్ని నా దగ్గరే ఉంచమంది. చేపల గంపతో ఇటు వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి “పలుకుతందా బాబూ” అని అడుగుతుంది. పలుకుతుందమ్మా అంటాను. నాలుగూ నలభై సంగతి మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. చెబితే ఆ తర్వాత సంగతి అడుగుతుంది.

అది ఏమిటో నాకు తెలియదు. ఆ టిక్ మాత్రం మళ్లీ పెట్టలేదు. బాగుచేతకు వచ్చిన ప్రతి కీబోర్డూ నేనున్నాను, నేనున్నాను అంటూ తెరంతా నింపేస్తుంది. కావలసిన వరుస వెతుక్కోలేక కళ్లు లాగేస్తాయి.

అననిస్తాను.