కోకిల కూర్చున్న చోటు

పాండూరు సుందరరాజులు కూతురు కోకిల బి.ఏ. ముగించి, మద్రాసులో సోషల్ వర్క్ ఎం.ఏ. చదువుతానన్నప్పుడు అది ఏం చదువో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. టీచరు ట్రైనింగంటే తెలుసు, బ్యాంకు పరీక్షంటే తెలుసు.

"ఒకరికి సాయం చేసేదానికి గూడా పరీక్ష రాయాల్నా?" అన్నాడు సుందరరాజులు. "మీ అవ్వ ఏం చదివి ఊళ్ళో ఇంతమందికి పురుడు పోసినాది?"

ఆ రోజు ఆమె పక్షాన మాట్లాడినవాడు మేనమామ దేవరాజులు ఒక్కడే. తిరుత్తణి బస్టాండు ఎదురుగా ఆయనకు బట్టల కొట్టుంది. గొంతు పెంచి మాట్లాడడం ఎవరూ ఎరగని మనిషి. "చదవనీ బావా. పొద్దున తిరువళ్ళూరులో రైలెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటాది," అన్నాడు. బావమరిది మాట కాదనలేక సుందరరాజులు ఒప్పుకున్నాడు. అది 1982.

మొదటి ఏడాది రైలు ప్రయాణాల్లో, పాఠాల్లో గడిచిపోయింది. ఇంగ్లీషు పుస్తకాలు కొరుకుడు పడక కోకిల చాలాసార్లు ఏడ్చింది కూడా. రెండో ఏడాది ఫీల్డ్ వర్కుకు కాలేజీవాళ్ళు ఆమెను తిరుత్తణికే పంపారు. అక్కడ శేషాద్రి అనే పెద్దమనిషి, తాలూకా ఆఫీసులో చేసి రిటైరైనవాడు, ఒక చిన్న సేవాసంఘం నడిపేవాడు. ఆడికృత్తిక పండగ వచ్చిందంటే కుమారస్వామి కొండకు కావళ్ళు మోసుకొచ్చే జనానికి ఆ సంఘం బస్టాండు పక్కన పందిరి వేసి మంచినీళ్ళు, మజ్జిగ ఇచ్చేది. ఆ ఏడు పందిట్లో కోకిలను కూడా నిలబెట్టాడాయన.

పండక్కి ముందు వారమంతా ఆ చుట్టుపక్కల ఒకటే వదంతి. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారట. అరక్కోణం దగ్గర ఒకణ్ణి పట్టుకున్నారని ఒకరు, కాదు తిరువాలంగాడు దగ్గరని మరొకరు. చూసినవాడు లేడు గాని, చెప్పనివాడూ లేడు.

పండగనాడు ఎండ బాగా ఎక్కిన వేళ, చెరుకురసం బండి వెనకనుంచి ఒక కేక వినిపించింది. "పిళ్ళ పుడిక్కిరవ!" అని తమిళంలో ఎవరో అరిచారు. పిల్లల్ని పట్టేది దొరికిందని తెలుగులో మరొకరు అందుకున్నారు. అంతవరకు కొండవైపు సాగుతున్న జనం ఒక్కసారిగా ఇటు తిరిగింది.

కోకిల చేతిలో మజ్జిగ ముంత అలాగే ఉంది. "లోపలికి రామ్మా, పోలీసులు చూసుకుంటారు," అన్నాడు శేషాద్రి. ఆమె ముంత కింద పెట్టి జనంలోకి తోసుకుంటూ పోయింది.

బండి వెనక గోడకు ఆనుకుని ఒక ఆడమనిషి కూలబడి ఉంది. మాసిన చీర, అట్టకట్టిన జుట్టు. ఒళ్ళో ఏడాదిన్నర మగబిడ్డ. ఆమె నల్లన, బిడ్డ పచ్చన. బిడ్డ నడుముకు వెండి మొలతాడు. జనానికి అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది. ఆమె పెదవి చిట్లి రక్తం కారుతోంది. ఎన్ని ప్రశ్నలు వేసినా నోరు మెదపడం లేదు. ఒకడు బిడ్డ చెయ్యి పట్టి లాగుతున్నాడు. ఇంకొకాయన ఆమె జుట్టు పిడికిట బిగించి తల పైకెత్తి పట్టుకున్నాడు.

ఆ పిడికిలి దేవరాజులుది.

మామ ముఖం కోకిలకు కొత్తగా కనిపించింది. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. ఆమెను చూసి కూడా ఆయన చెయ్యి సడలించలేదు.

"నువ్వు పో పాపా. ఇది నీ చదువు గాదు."

కోకిలకు ఏం చెయ్యాలో తోచలేదు. నిలబడితే పడిపోతాననిపించి, ఆ ఆడమనిషి పక్కనే నేలమీద కూర్చుంది. కూర్చున్నాక ఒక సంగతి అర్థమైంది. ఇప్పుడు ఆమెను కొట్టాలంటే ముందు తనకు తగలాలి.

"ఈమె నీకు తెలుసునా?" అని ఎవరో అరిచారు.

"తెలీదు."

"బిడ్డ దానిదేనా?"

అవునంటే చాలు. ఆ ఒక్క మాటతో జనం చెదిరిపోవచ్చు. కాని ఆ వెంటనే అసలు తల్లి పరిగెత్తుకుంటూ వస్తే? అప్పుడిక ఇద్దర్నీ బతకనివ్వరు.

"అదీ తెలీదు. మీకూ తెలీదు," అంది కోకిల. "బిడ్డని అట్ల లాగితే చెయ్యి ఊడొస్తాదన్నా. వదులు. బిడ్డకు దెబ్బ తగిలితే ఆ తల్లికి ఎవురు చెప్తారు?"

లాగుతున్నవాడు ఒక్క క్షణం ఆగాడు. అంతలో వెనకనుంచి వచ్చిన రాయి కోకిల కనుబొమ పైన తగిలింది. రక్తం కంట్లోకి దిగింది. ఆమె తుడుచుకోలేదు. జనంలో ముందు నిలుచున్న ఆడవాళ్ళవైపు చూసి, తమిళంలోనూ తెలుగులోనూ బతిమాలింది.

"అక్కా, మీరొచ్చి నా పక్కన కూర్చోండి. బిడ్డని మనమే కాపలా కాస్తాము. పోలీసు వచ్చేదాకా చాలు. ఆమెని యాడికీ పోనీము."

చాలాసేపు ఎవరూ కదల్లేదు. ఆమెకు చాలాసేపనిపించింది, అంతే. పసుపుబట్టలు కట్టి, గుండుకు గంధం పూసుకున్న ఒక పెద్దామె కావడి పక్కవాళ్ళకిచ్చి వచ్చి కోకిల పక్కన చతికిలబడింది. ఆమె కోడలు వచ్చింది. తర్వాత మరికొందరు. ఆడవాళ్ళు చుట్టూ కూర్చునేసరికి దేవరాజులు ఒంగి నిలబడడానికి చోటు లేకపోయింది. ఆయన పిడికిలి విప్పాడు. వేళ్ళమధ్య చిక్కిన వెంట్రుకల్ని చూసుకుని పంచెకు తుడుచుకుంటూ వెనక్కి జరిగాడు.

పోలీసులు వచ్చాక కూడా గండం గడవలేదు. బస్టాండు నుంచి పోలీసు పందిరి దాకా చెప్పులు, మట్టిపెళ్ళలు పడుతూనే ఉన్నాయి. ఆ ఆడమనిషి బిడ్డను గుండెకు అదుముకుని, కోకిల కొంగు పట్టుకుని నడిచింది.

మధ్యాహ్నానికి అసలు తల్లి దొరికింది. పేరు వళ్ళియమ్మ. గుడియాత్తం వైపు కూలిపని చేసుకునే మనిషి. ముందురోజు మెట్లమీద తోపులాటలో బిడ్డ తప్పిపోయాడు. అప్పటినుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా కొండంతా తిరుగుతోంది. పందిట్లోకి వస్తూనే బిడ్డను లాక్కుని, నేలమీద కూర్చున్న ఆ ఆడమనిషి చెంప చెళ్ళుమనిపించింది. కోకిల లేవబోయి ఆగిపోయింది. ఆ తల్లికి అడ్డం పడే హక్కు తనకుందో లేదో ఆమెకు తెలియలేదు.

వళ్ళియమ్మ బిడ్డను ఒళ్ళంతా తడిమి చూసుకుంది. మోకాలి దగ్గర గీరుకున్నచోట ఎవరో విభూతి అద్దారు. కడుపు నిండుగా ఉంది. బిడ్డ తల్లి భుజంమీదనుంచి వెనక్కి తిరిగి ఆ ఆడమనిషివైపు చెయ్యి చాచాడు. వళ్ళియమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

"కేసు వద్దు సామీ," అంది పోలీసుతో. "నా బిడ్డకు బువ్వ పెట్టినాది. ఏం పెట్టినాదో, యాడ తెచ్చినాదో."

బయట మాత్రం ఒకే సంగతి పాకింది. బిడ్డ దానిది కాదు. సుందరరాజులు కూతురు దొంగకు అడ్డం పడింది.

"చదివించిందానికి బాగా పేరు తెచ్చినావు," అన్నాడు సుందరరాజులు ఆ సాయంత్రం, కూతురి నుదుటి కట్టు చూసి చూడనట్టు. దేవరాజులు ఆ ఇంటికి రావడమే మానేశాడు. సంఘానికి చెడ్డపేరు వస్తుందని, ఆ అమ్మాయిని ఇంక పంపవద్దని శేషాద్రి కాలేజీకి చెప్పేశాడు. ఫీల్డ్ వర్కు లేకపోతే డిగ్రీ లేదు. అంతా ముగిసిందనుకుంటూ కోకిల మద్రాసు కాలేజీలో తన టీచరు ముందు నిలబడింది.

ఆవిడ మెచ్చుకోలేదు, మందలించనూ లేదు.

"ఒంటరిగా ఎందుకు వెళ్ళావు? శేషాద్రిగారిని పోలీసుల కోసం పంపి, ఇద్దరు ముగ్గుర్ని వెంటబెట్టుకుని వెళ్ళవచ్చు కదా?"

"తోచలేదు మేడమ్."

"రాయి రెండంగుళాలు కిందికి తగిలితే నీ కన్ను పోయేది. ఆమెకూ ఎవరూ మిగిలేవారు కాదు. తోచలేదన్నావే, అదే రిపోర్టులో రాయి. ధైర్యం సంగతి తర్వాత."

ఆ ఆడమనిషిని మేజిస్ట్రేటు మద్రాసులోని మానసిక వైద్యశాలకు పంపారు. టీచరు ఎక్కడెక్కడో మాట్లాడి, మిగిలిన ఫీల్డ్ వర్కు కోకిలకు అక్కడే వేయించింది. కోకిల ఆమె పక్కన గంటలకొద్దీ కూర్చునేది. చాలారోజులు మాట లేదు. ప్రశ్నలు వేయకుండా ఉండడమే అన్నిటికంటే కష్టంగా ఉండేది. మందులు పనిచేయడం మొదలయ్యాక, సంక్రాంతి దాటాక ఒక పగలు, తల దువ్వించుకుంటూ ఆమే చెప్పింది. పేరు చెంగమ్మ. పొదటూరుపేటలో అన్న పెరుమాళ్ మగ్గం నేస్తాడు. తన బిడ్డ జ్వరంతో పోయాడు. ఆ తర్వాత మొగుడు పుట్టింట్లో వదిలేశాడు. అక్కణ్ణుంచి ఎలా వచ్చిందో తెలియదు.

మే నెలలో వైవాలో బయటినుంచి వచ్చిన ప్రొఫెసరు అడిగాడు. "ఆ బిడ్డ ఆమెది కాదని నీకు ముందే తెలిసి ఉంటే?"

"అప్పుడూ కొట్టనిచ్చేదాన్ని కాదు సార్," అంది కోకిల. ఆ జవాబు ఆయనకు నచ్చిందో లేదో తెలియలేదు. పాసైంది. ఆ ఆస్పత్రిలోనే తాత్కాలికంగా పని దొరికింది. మొదటి పని చెంగమ్మను ఇంటికి చేర్చడం.

పొదటూరుపేటలో పెరుమాళ్ మగ్గంలోంచి లేవకుండానే విన్నాడు. తర్వాత అన్నాడు, "చచ్చిపోయినాదని కర్మ గూడా చేసేసినామమ్మా. ఇప్పుడు తెచ్చుకోని యాడ పెట్టేది?" వెనక అతని భార్య పిల్లల్ని లోపలికి నెట్టి తలుపు దగ్గరగా వేసింది. కోకిల మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ అదే మాట. ఇంకోసారి వెళ్ళేసరికి ఆ తలుపే తీయలేదు.

ఆ సంగతి చెవినబడి, ఆ వారం దేవరాజులు పాండూరు వచ్చాడు. చాలా నెలల తర్వాత. మంచినీళ్ళు తాగి, కోకిలవైపు చూడకుండా అడిగాడు.

"ఆ పెరుమాళ్ నా కొట్టుకి చీరలు నేసిచ్చినోడే. నేనొస్తే నీకు అడ్డమా?"

కోకిలకు వెంటనే ఒప్పుకోబుద్ధి కాలేదు. ఆ పిడికిలి ఇంకా కళ్ళముందే ఉంది. కాని ఒంటరిగా వెళ్ళి మూసిన తలుపు చూసి వచ్చింది కూడా తనే. "మీరు ఏం చెప్పినా నిజమే చెప్పాల మామా," అంది.

ఇద్దరూ వెళ్ళారు. దేవరాజులు అరుగుమీద కూర్చున్నాడు. పెరుమాళ్ కాఫీ తెప్పించబోతే వద్దన్నాడు.

"పెరుమాళ్, పోయిన ఆడికృత్తికకి బస్టాండులో మీ చెల్లెల్ని అందరూ కొట్టినారు. ఆమె జుట్టు పట్టుకున్నోణ్ణి నేనే. ఈ పాప కూర్చోకపొయ్యుంటే నువ్వు చేసిన కర్మ సరిపొయ్యుండేది."

పెరుమాళ్ లేచి నిలబడ్డాడు. కొడతాడనుకుంది కోకిల. దేవరాజులు తల వంచుకుని కూర్చున్నాడే గాని కదల్లేదు. లోపల అతని భార్య నేస్తున్న మగ్గం ఆగిపోయింది. పెరుమాళ్ కోకిలవైపు తిరిగి అడిగాడు.

"తింటా ఉండాదా?"

"తింటా ఉండాది. మిమ్మల్ని అడుగుతా ఉండాది."

చెంగమ్మను ఆ నెలాఖరున తీసుకొచ్చారు. మాత్రలు ఎప్పుడు వేయాలో, ఏ మార్పు కనిపిస్తే కబురు పెట్టాలో కోకిల చెంగమ్మ వదినకు ఒకటికి రెండుసార్లు చెప్పింది. తర్వాతి నెల మాత్రలు తీసుకుని వెళ్ళేసరికి చెంగమ్మ వాకిట్లో కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. వదిన కోకిలను పక్కకు పిలిచింది.

"నిద్రపోతాది. పనికి ఒంగుతాది. పిల్లోళ్ళని మాత్రం నేనింకా దగ్గిరికి పోనీలేదు. తప్పంటావా?"

"తప్పు గాదక్కా. తొందర లేదు," అంది కోకిల. మాత్రలు ఆమె చేతికిచ్చి, చెంగమ్మ పక్కన కాసేపు కూర్చుని, తిరుత్తణి బస్సుకు బయల్దేరింది.