తడిచేతుల పిల్ల

మా కెమిస్ట్రీ సారు మొన్న పోయారు. కబురు పదో తరగతి వాట్సాప్ గ్రూపులో వచ్చింది. అందరూ దండాలు పెట్టారు. నేను మాత్రం ఏమీ పెట్టలేకపోయాను.

మాకు సోడియం చూపించింది ఆయనే. కిరోసిన్ సీసాలోంచి పట్టకారుతో ముక్క తీసి, మైనంలా కోసి, ఆవగింజంత ముక్కని నీళ్ల తొట్టిలో వేసేవారు. అది బుస్సుమంటూ గుండ్రంగా మారి నీళ్ల మీద పరుగులు తీసేది. ముందే కలిపిన ఫినాఫ్తలీన్ వల్ల దాని వెనకాలే గులాబీ రంగు గీత పడేది. "లిథియం నెమ్మదస్తుడు, సోడియం దుడుకోడు, పొటాషియం అయితే మంటే! ముందు చేతులు తుడుచుకోండర్రా, వేళ్ల సందులు కూడా" అనేవారు. నూజివీడు మామిడి తోటల్లో కాయ కోసే కూలీల పిల్లని నేను. నన్ను ముందు వరుసలో నిలబెట్టి, పట్టకారు చేతికిచ్చిన మొదటి మనిషి ఆయన. ఇవాళ నేనూ కెమిస్ట్రీ చెబుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే. అందుకే ఈ మాటలు రాయడం కష్టంగా ఉంది.

నేను తొమ్మిదిలో ఉండగా, కాయల కాలంలో ఒకరోజు, సారు ల్యాబులోనే పచ్చిమామిడికాయ కోసి, ఉప్పూ కారం అద్ది, తలా ఒక ముక్క పెట్టారు. మా వైపు అదేం వింత కాదు. ఆ తడి కత్తినే తుడవకుండా సోడియం మీద పెట్టారు. నిప్పురవ్వ లేచింది. కిరోసిన్ పీల్చిన కాగితం అంటుకుంది. ఇసుక పోసి ఆర్పేసరికి సగం బల్ల మాడిపోయింది.

హెడ్మాస్టరు పరుగున వచ్చారు. "ఎవరి పనండీ ఇది?"

సారు నా వంక చూశారు. "ఈ పిల్లేనండీ. తడిచేత్తో ముట్టుకుంది."

పదో తరగతి అయ్యేదాకా నన్ను ల్యాబు గుమ్మం తొక్కనివ్వలేదు. ప్రయోగాలన్నీ కిటికీ బయట నిలబడి చూశాను. ఆ తర్వాత సారే మా ఇంటికొచ్చి, "అమ్మాయిని చదువు మాన్పించొద్దు" అని నాన్నకి నచ్చజెప్పారు. నా మొహం మాత్రం చూడలేదు. ఎప్పటికైనా ఒక్కసారి నిజం చెబుతారని ఎదురుచూశాను, పిచ్చిదాన్ని.

ఆఖరి చూపుకి వెళ్లాను. దండం పెట్టి, పెరట్లో కాళ్లూ చేతులూ కడుక్కుంటుంటే సారు భార్య నా పేరు అడిగి, గుర్తుపట్టారు.

"నువ్వేనా తల్లీ, ఆ తడిచేతుల పిల్లవి? ప్రతి బ్యాచ్‌కీ నీ కథ చెప్పందే సీసా మూత తీసేవారు కాదు!"

ఇన్నేళ్లూనా! ఒళ్లు మండిపోయింది. కత్తి సంగతి నోటిదాకా వచ్చింది. ఏడ్చి ఏడ్చి వాచిన ఆవిడ మొహం చూసి మింగేశాను. చుట్టూ ఉన్న ఆయన శిష్యులంతా నా చేతుల వంకే చూస్తున్నారు. వాటినుంచి నీళ్లు కారుతున్నాయి. సారు నేర్పినట్టే కొంగుతో తుడుచుకున్నాను, వేళ్ల సందులు కూడా.