అరచేతుల పరీక్ష

ఆక్లండ్‌లో సిటీ బస్సు నడిపే టోంగా దీవుల మనిషి ఫెలెటి, రోజూ ఇంటి గుమ్మంలోనే భార్య ఓఫా ముందు అరచేతులు చాపేవాడు. ఆమె ఒక్కొక్క వేలూ వాసన చూసేది. అతను ఉప్పు మాంసం మాని ఆరేళ్లయినా, నాలుగు రకాల మాత్రలు మింగినా, రక్తపోటు నూట డెబ్బై దిగలేదు. "డిపోలో దొంగతిండి తింటున్నావయ్యా," అనేది ఓఫా. ముట్టలేదని చెప్పి అతను లోపలికి నడిచేవాడు. తన మాట నమ్మడం లేదన్న బాధ మాత్రం ఉండేది. చివరికి, పిక్కలు పట్టేస్తున్నాయని చెబితే, కొత్త డాక్టరు రక్తంలో పొటాషియం తక్కువని గమనించి స్కాన్ తీయించింది. ఎడమ మూత్రపిండం పైనున్న అడ్రినల్ గ్రంథిలో పద్నాలుగు మిల్లీమీటర్ల గడ్డ, ఒంట్లో ఉప్పును బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతోంది. దాన్ని తీసేసిన ఆరు వారాలకు రక్తపోటు నూట ఇరవై ఆరు.

ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే ఓఫా పెరట్లో గుంట తవ్విన నేలపొయ్యిలోంచి, ఉప్పు మాంసం చుట్టిన చేమాకు పొట్లాలు తీసింది.

"అయితే ఆరేళ్లూ ముట్టలేదన్నమాట."

"ఒక్కసారి తిన్నాను. మీ అన్న పెళ్లిలో."

"తెలుసులే. వాసన వచ్చినా ఊరుకున్నాను."

ఫెలెటి అలవాటుగా అరచేతులు చాపాడు. ఓఫా వాసన చూడలేదు. ఆవిరి కక్కుతున్న పొట్లం ఒకటి వాటిలో పెట్టింది.

"డాక్టరమ్మ ఒక్క ముక్కకే ఒప్పుకుంది. అందుకే పెద్దది వేశాను."